మిషనుకింత ఆయం

నా జీతం మాట్లాడింది మా నాయన. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా కాలేజీలో అందరికీ ఒకటే నవ్వు. నవ్వుకోనీ, నాకేం! వాళ్ళ జీతాలు వాళ్ళే మాట్లాడుకున్నారు కదా, ఎంత బాగుపడ్డారో నేనూ చూశాను.

మా నాయన పేరు రామప్ప. వడ్ల రామప్ప అంటే బెళుగుప్ప చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. నాగళ్ళు, గొర్రులు, గుంటకలు చేసేవాడు, విరిగితే బాగు చేసేవాడు. పని చేసినప్పుడల్లా చేతిలో దుడ్లు పెట్టేవాళ్ళు కాదు. ఏడాదికొకసారి కళ్లంలో శెనక్కాయల రాశి పోసినప్పుడు, కాడి ఎద్దులకు ఇంత అని కొలిచి పోసేవాళ్ళు. దాన్నే మా వైపు ఆయం అంటారు. ఆ ఏడు గొర్రు పదిసార్లు విరిగినా అంతే, ఒక్కసారి కూడా విరగకపోయినా అంతే. ట్రాక్టర్లు వచ్చాక ఆయం పోయింది గానీ, మా నాయన తలలో నుంచి ఆ లెక్క పోలేదు.

నేను అనంతపురంలో పాలిటెక్నిక్ చదివి కంప్యూటర్లు నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరంలో, అనంతపురం నుంచి పామిడికి వచ్చే దారిలో కొత్తగా ఒక ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. అందులో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలన్నారు. పేరు పెద్దది. పని మాత్రం, ఉన్న కంప్యూటర్లు పడిపోకుండా చూసుకోవడం. ఆడపిల్లను ఒక్కదాన్నే పంపకూడదని మా నాయన కూడా ఇంటర్వ్యూకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

కాలేజీ సెక్రటరీ రాజేంద్ర సారు, "జీతం ఎంత కావాలమ్మా?" అని అడిగాడు. మూడు వేలు అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. తీరా అడిగేసరికి నేను నీళ్ళు నములుతుంటే మా నాయన అందుకున్నాడు.

"ఎన్ని మిషన్లుండాయి సామీ?"

"ముప్పై."

"మిషనుకు నెలకు యాభై ఇప్పించండి. చెడిపోయినా యాభయ్యే, చెడిపోకపోయినా యాభయ్యే. మేము కాడికి తీసుకునేది ఇట్లే."

సెక్రటరీ సారు కుర్చీ ఊగేటట్టు నవ్వాడు. నవ్వడా మరి! పదిహేను వందలకు మనిషి దొరికింది. మళ్ళీ ఎక్కడ మాట మారుస్తామో అని అప్పటికప్పుడే ఆ మాట ఆ మాటగా ఆర్డరు టైపు చేయించాడు. వచ్చేటప్పుడు బస్సులో మా నాయనతో నేను మాట్లాడలేదు. ఆయన ఇచ్చిన వేయించిన శెనక్కాయలు కూడా తినలేదు.

అయితే కాలేజీ పెరిగింది. ఏడాదికొక కొత్త కోర్సు, కోర్సుకొక ల్యాబు. మూడేళ్ళు తిరిగేసరికి నూటయాభై మిషన్లయ్యాయి. మిషనుకింత అన్న ఆర్డరు అలాగే ఉంది. నా జీతం ఏడున్నర వేలయింది. మా నాయనకు కొత్త పంచెల చాపు కొనిపెట్టాను. ఆ బస్సు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అశ్విని మేడం ఎమ్.సీ.ఏ. చదివి మా కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె జీతం ఐదున్నర వేలు. ఒక జీతాల రోజు నా పేరు ఎదురుగా ఉన్న అంకె చూసి, అక్కౌంట్స్ గదిలోనే గట్టిగా అనేసింది: "స్క్రూడ్రైవర్ పట్టుకునేదానికి నాకన్నా రెండు వేలు ఎక్కువనా?"

ఆమె కడుపుమంటలో న్యాయం లేదని నేను అనను. బెంగళూరులో ఆమెతో చదివినవాళ్ళు ఇరవై వేలు తెచ్చుకుంటున్నారట. నా పని చేసేవాళ్ళకు కూడా అక్కడ పన్నెండు, పదిహేను ఇస్తారట. అక్కడ ప్రోగ్రాములు రాసేవాళ్ళు పైన, మాలాంటివాళ్ళు కింద. ఈడ తలకిందులైంది. సరే, తలకిందులు చేసింది సెక్రటరీ సారు సంతకం కదా! నన్నంటే ఏమొస్తుంది?

సెక్రటరీ సారు నన్ను పిలిపించాడు.

"ఏమమ్మా సరళా, ఏ మిషనూ చెడిపోవడంలేదంటనే. మరి నువ్వేం పని చేస్తాండావు?"

"చెడిపోకుండా చూడటమే సార్ నా పని."

"అయితే చెడిపోయినాకే రా."

ఆయన తమాషాకన్నాడని అనుకున్నాను. కాదు. వచ్చే నెల నుంచి, చెడిపోయిన మిషను బాగు చేస్తే దానికి నలభై రూపాయలు. ముందు లెక్చరర్లు కంప్లైంటు రాసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే పని లేదు, పని లేకపోతే జీతం లేదు.

మా ప్రాంతంలో గాలికాలం వచ్చిందంటే ఎర్రమట్టి తలుపు సందుల్లో నుంచి కూడా లోపలికి వస్తుంది. కంప్యూటర్ల ఫ్యాన్లలో పేరుకుంటుంది. నేను వారం వారం బ్రష్షుతో తుడిచేదాన్ని. కరెంటు పోయినప్పుడు సర్వర్‌ను నిలబెట్టే యూపీఎస్ బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటర్ పోసేదాన్ని. శనివారం శనివారం సర్వర్‌లో ఉన్నదంతా కాపీ తీసి పెట్టేదాన్ని. వీటిలో దేనికీ కంప్లైంటు ఉండదు. చెడిపోక ముందు కంప్లైంటు ఎవడు రాస్తాడు? డిస్టిల్డ్ వాటర్ కొనాలని అడిగితే అక్కౌంటెంటు, "కంప్లైంటు నంబరు చెప్పు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక లెక్చరర్లు. వాళ్ళంతా ఒక మాట మీద ఉండి, ఏదైనా నిజంగా చెడిపోయినా సంతకం పెట్టడం మానేశారు. పిల్లల్ని పక్క మిషను దగ్గరికి జరిపేవాళ్ళు. మొదటి నెల నా చేతికి ఐదు వందలు కూడా రాలేదు. రెండో నెల అందులో సగం.

ఆ దుడ్ల కోసం ఏడ్చే మనిషిని కాను నేను. ఏడ్చింది తిప్పేష్ బావ కోసం.

తిప్పేష్ మా మేనత్త కొడుకు, నా మొగుడు. అతనిదీ వడ్రంగమే, పామిడిలో తలుపులు, కిటికీలు చేస్తాడు. వరసగా మూడేళ్ళు వానలు లేవు. ఇల్లు కట్టేవాడు ఎవడు, తలుపు పెట్టేవాడు ఎవడు? మా పెళ్ళైన ఏడు కూడా ఇలాగే పనులు లేక బెంగళూరు పోయాడు. కట్టే బిల్డింగు కింద రేకుల షెడ్డులో ఇరవై మందితో పడుకుని, ఆ నీళ్ళు తాగి, టైఫాయిడ్ తెచ్చుకుని తిరిగొచ్చాడు. బస్సులో నుంచి నా చేతులతో నేనే దించాను. దించితే బరువు లేడు. ఇక ప్రాణం పోయినా ఈ మనిషిని ఆ ఊరికి పంపకూడదని ఆ రోజే అనుకున్నాను. నా జీతం ఉన్నన్నాళ్ళూ పంపలేదు.

ఇప్పుడు జీతం లేదు. బావ ఉలులు, బాడిస నూరుకోవడం మొదలుపెట్టాడు.

"దినానికి నూటాఎనభై ఇస్తారంట ఆడ. నీ కంప్యూటర్ కన్నా నా బాడిసే మేలు చూడు!" అన్నాడు నవ్వుతూ.

"రోగం వస్తే ఎవరు చూస్తారు బావా?"

"ఏమీ రాదులే. బెంగళూరు సల్లగుంటాది."

ఈల వేసుకుంటూ సామాన్లు సర్దాడు. నాకు ఒళ్ళు మండింది. నేను ఇక్కడ కుమిలిపోతుంటే ఈ మనిషికి తిరునాళ్ళకు పోయినంత సంబరంగా ఉందే అనుకున్నాను. నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు కూడా.

ప్రయాణం సోమవారం పొద్దున. బావను బస్సెక్కించాలని రాసి కాలేజీకి సెలవు పెట్టాను. అల్లుణ్ణి సాగనంపడానికి మా నాయన ఊరి నుంచి వచ్చాడు. ముగ్గురం పామిడి బస్టాండులో నిలబడి ఉంటే, దుమ్ము రేపుకుంటూ కాలేజీ జీపు వచ్చి మా ముందే ఆగింది. ముందు సీట్లో సెక్రటరీ సారు, వెనక అశ్విని మేడం. మేడం మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సరళా, సర్వర్ పడిపోయినాది. లేవడంలేదు!"

యూనివర్సిటీ ల్యాబు పరీక్ష ఆ రోజు. బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చి కూర్చున్నాడు. పరీక్ష మొదలుపెట్టగానే కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క నిమిషమైనా పని చేయలేదు. జనరేటర్ వేసినా సర్వర్ పైకి రాలేదు. అరవై మంది పిల్లలు నల్లటి తెరల ముందు కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నంలోగా మొదలుకాకపోతే పరీక్ష రద్దు చేసి పోతానన్నాడట ఎగ్జామినర్.

దాచడమెందుకు, నాకు భలే సంతోషమేసింది. చేతులు కట్టుకుని, "కంప్లైంటు రాసి సంతకం పెట్టినారా మేడం?" అన్నాను.

మేడం తల దించుకుంది. సెక్రటరీ సారు జేబులో నుంచి రుమాలు తీశాడు. ఇదే సమయం, అడగాల్సినదంతా ఇప్పుడే అడిగేయాలి, ఏమడిగినా ఇస్తాడు. నోరు తెరిచాను.

"ఎక్కి పో," అన్నాడు మా నాయన.

"నాయనా! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అడిగేది?"

"పదును మీద బేరమాడేది మన ఇంట్లో లేదమ్మా. ముందు పో."

పదునంటే వాన పడ్డాక నేలలో ఉండే తడి. మా నేలలో అది ఆరేలోపే విత్తనం పడాలి. ఆ సమయంలో రైతు గొర్రు విరిగిందని పరిగెత్తుకొస్తే, మా నాయన తింటున్న సంగటి ముద్ద వదిలి లేచేవాడు. ఆయం మాట అప్పుడు ఎత్తేవాడు కాదు. పోయిన ఏడు ఎగ్గొట్టినవాడైనా సరే, ఎత్తేవాడు కాదు.

"ఈయప్ప రైతు కాదు నాయనా!" అని అరిచాను.

"పిల్లోళ్ళు కూసోనుండారు కదా."

పళ్ళు కొరుక్కుంటూ జీపెక్కాను. బావ అదే నవ్వుతో, "నేను సాయంత్రం బస్సుకు పోతాలే, నువ్వు పోయిరా" అన్నాడు. జీపు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. మా నాయన, బావ పక్కపక్కన నిలబడి ఉన్నారు. కాళ్ళ దగ్గర సామాన్ల సంచి.

కాలేజీకి పోయి యూపీఎస్ మూత తీశాను. బ్యాటరీలలో చుక్క నీళ్ళు లేవు. సెక్రటరీ సారును పిలిచి లోపలికి చూపించాను. సర్వర్ ఒక్కసారిగా ఆరిపోవడంతో అందులో డిస్కు దెబ్బతింది. పాత డిస్కు ఒకటి బిగించి, శనివారం తీసిన కాపీ దాని మీదికి ఎక్కించాను. జీతం లేకపోయినా శనివారం కాపీ ఎందుకు తీశావంటే ఏం చెప్పను! చెయ్యి ఊరుకోలేదు, తీశాను. మధ్యాహ్నం కాకముందే అరవై తెరలూ వెలిగాయి. ముందు వరసలో ఒక పిల్ల అప్పటిదాకా ఏడుస్తూ ఉంది. చున్నీతో మొహం తుడుచుకుని గబగబా టైపు చేయడం మొదలుపెట్టింది. దాన్ని చూశాక నా కోపం కొంచెం తగ్గిన మాట నిజం.

పరీక్ష అయిపోయింది. ఎగ్జామినర్ సంతకాలు పెట్టి వెళ్ళిపోయాడు. సెక్రటరీ సారు హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికి పోదామని జీపు దగ్గరికి వచ్చాడు. నాతో జీతం మాటే లేదు. "బాగా చేసినావమ్మా" అన్నాడంతే. పదును ఆరింది, పని అయిపోయింది, ఇక నా మొహం ఎవరు చూస్తారు?

అప్పుడు చూశాను. జీపు పక్కన మా నాయన నిలబడి ఉన్నాడు. పామిడిలో బస్సెక్కి వచ్చినట్టున్నాడు. భుజం మీద టవలు, చేతిలో మడత పెట్టిన ఖాళీ గోనెసంచి.

"ఏం రామప్పా, ఇట్ల వచ్చినావు?" అన్నాడు సెక్రటరీ సారు.

"ఏం లేదు సామీ. ఊరికే నిలబడినా."

సెక్రటరీ సారు జీపులో ఒక కాలు పెట్టాడు. సంచి వైపు చూశాడు. పెట్టిన కాలు తీసేశాడు.

ఆయన వజ్రకరూరు దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టినవాడు. కళ్లంలో రాశి పోసినాక వడ్లాయన, కమ్మరాయన, చాకలామె ఖాళీ సంచులు పట్టుకుని వచ్చి నిలబడతారు. అడగరు, గొడవపడరు. వాళ్ళు నిలబడి ఉండగా ఏ రైతూ గింజ ఇంటికి తీసుకుపోడు. పోతే ఏమవుతుందంటే ఏమీ కాదు. కానీ ఎవరూ పోరు.

"రామప్పా, ఇది కళ్లం కాదప్పా," అన్నాడు సారు నీరసంగా.

"నాకేం తెలుసు సామీ. పంటైతే ఇంటికొచ్చినట్టుండాది."

పిల్లలంతా నవ్వుకుంటూ, అరుచుకుంటూ మా పక్కనుంచే గేటు వైపు పోతున్నారు. మా నాయన వాళ్ళను చూస్తూ అలాగే నిలబడ్డాడు. డ్రైవర్ ఇంజను ఆపేశాడు. సారు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఇంతలో అశ్విని మేడం మెట్లు దిగి వచ్చింది.

"సార్, ఆమె జీతం ఆమెకు ఇచ్చేయండి. నాకు తక్కువ ఇచ్చింది మీరు, నేను పోయి ఆమె మీద ఏడ్చినా. ఎవరం సంతకం పెట్టలేదు, తప్పు మాదే." ఒక్క క్షణం ఆగి, "నా జీతం సంగతి కూడా చూడండి," అంది.

"నువ్వు కూడా సంచి తెచ్చుకున్నావా ఏమి?" అన్నాడు సెక్రటరీ సారు.

"రేపు మా నాయనను తీసుకొస్తా సార్!"

ముందు డ్రైవర్ నవ్వాడు. తర్వాత సారు కూడా నవ్వాడు, ఏడవలేక నవ్వినట్టు. ఆఫీసు మెట్ల మీద కూలబడి అక్కౌంటెంటును పిలిచాడు. మిషనుకు యాభై, చెడిపోయినా, చెడిపోకపోయినా. పోయిన రెండు నెలలకు కూడా. అక్కడే టైపు చేయించి, అక్కడే సంతకం పెట్టాడు. మేడం జీతం మాట మరుసటి రోజు మాట్లాడతానన్నాడు. మా నాయన సంచిని దులిపి, మళ్ళీ మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"చల్లగుండు సామీ," అన్నాడు.

హమ్మయ్య అనుకోవడానికి నాకు తీరిక ఎక్కడిది? టైము చూసుకుంటే బెంగళూరు బస్సు పామిడికి వచ్చే వేళయింది. నాయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. దొరికిందొక పల్లెవెలుగు బస్సు. అది ప్రతి చెట్టు కింద ఆగుతుంది, ప్రతి కోళ్ళగంపనూ ఎక్కించుకుంటుంది. ఆ డ్రైవర్‌ను నేను తిట్టని తిట్టు లేదు. "అల్లుడు యాడికి పోతాడులేమ్మా" అంటాడు మా నాయన. బెంగళూరుకు పోతాడు, ఇంకెక్కడికి పోతాడు!

మేము పామిడిలో దిగేసరికి పొద్దుగూకుతోంది. బెంగళూరు బస్సు పోయిందని స్టాండులో ఎవరో చెప్పారు.

చూస్తే బావ సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ మధ్య సామాన్ల సంచి.

"బస్సు నిండిపోయినాది. సందు లేదు," అన్నాడు నన్ను చూడకుండా.

సోడాల బండి పెట్టుకునే నాగలక్ష్మమ్మ అక్కడి నుంచే అందుకుంది. "యాడ నిండినాదప్పా! పొద్దుననుంచి మూడు బస్సులు ఖాళీగా పోయినాయి. ఎక్కుతాడు, దిగుతాడు. ఎక్కుతాడు, దిగుతాడు. నేను చూస్తానే ఉండా!"

బావ తల ఇంకా కిందికి వంచాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఎక్కలేకపోతిని సరళా," అన్నాడు మెల్లగా. "నాకు ముందునుంచీ భయమే. ఆ రేకుల షెడ్డు తలుచుకుంటే కాళ్ళు కదలవు. నువ్వు బాధపడతావని ఈల వేస్తాంటి. నీకు ఈ దినం కూడా ఏమీ ఇచ్చిండరు, నాకు తెలుసు. అయినా ఎక్కలేకపోతిని. ఈడనే ఏదో ఒకటి చేస్తా. మట్టి పనికి పోతా. నన్ను ఏమీ అనుకోవద్దు."

అంత పెద్ద మనిషి బెదిరిన పిల్లాడిలా నా మొహంలోకి చూశాడు. నాలుగు రోజులు ఈ మనిషి మీద అలిగి కూర్చున్నాను నేను!

"నీ మొగం మండ! ఇంత భయం పెట్టుకుని ఈల ఎట్లొచ్చినాది బావా నీకు? ముందే చెప్పి సావచ్చు కదా!" అని వీపు మీద ఒకటి వేశాను. వేసి, నేనే ఏడ్చేశాను.

ఏడుస్తూనే జీతం వచ్చిందని చెప్పాను. రెండు నెలలది కూడా ఇస్తారని, కాగితం చేతికిచ్చారని చెప్పాను. వింటున్నాడో లేదో తెలియలేదు. టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. అటు పక్క మా నాయన సోడా తాగుతూ మా వైపు చూడకుండా రోడ్డు చూస్తున్నాడు.

"పోలేదు కదా," అన్నాను. "పోలేదు కదా బావా."

"పోలేదు," అన్నాడు టవలు లోపల నుంచే.

నడి బస్టాండులో, అంతమంది ముందు, అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాగలక్ష్మమ్మ చూస్తోంది. చూడనీ.